తలుపు పాట

ఆ ఎండాకాలం మా ఇంట్లోకి ముందు వచ్చింది మా అన్నయ్య కాదు, అతని సెంటు వాసన. మెట్ల మీద ఉండగానే గుప్పుమంది. తలుపు తీసేలోపే ఎవరో నాకు తెలిసిపోయింది. ఏళ్ళ తరబడి మా గడప తొక్కని మనిషి చెల్లెలు గుర్తొచ్చి రాడు. ఏదో అవసరం పడి ఉంటుంది.

వెనకాల ఒకావిడ ఉంది. పాత రికార్డుల దుమ్ము దులిపి, కొత్త బట్టలు తొడిగి, పెద్ద పెద్ద పెట్టెల్లో సర్ది అమ్మే కంపెనీ తాలూకు మనిషి. ఆవిడ చెప్పులు విప్పేలోపే నేను ఆవిడకి పెట్టెలమ్మ అని పేరు పెట్టేశాను.

మా అన్నయ్య కుర్రతనంలో స్నేహితుల్ని పోగేసి రాక్ బ్యాండు పెట్టాడు. గొంతు చించుకుని పాడేవాడు, పేరు కూడా అలాగే తెచ్చుకున్నాడు. వాళ్ళ మొదటి రికార్డులో తలుపు పాట అని ఒకటుంది. దాని అసలు పేరు వేరే, కానీ జనం అలాగే అంటారు. పాట మొదట్లో గొంతు లేదు, గిటార్ లేదు. మూసిన తలుపును ఎవరో బాదుతున్నట్టు డ్రమ్స్ మాత్రమే మోగుతాయి. ఆ దెబ్బల వరస ఈ రోజుకీ పిల్లలు స్కూలు బల్లల మీద, బస్టాపు రేకుల మీద వాయిస్తారు. రికార్డు అట్ట మీద డ్రమ్మర్‌గా వేరేవాడి పేరుంది. ఆ పాట రికార్డయ్యాక బ్యాండులో చేరినవాడు వాడు. వాయించింది మా ఆయన.

మా ఆయన ఇప్పుడు డ్రైవింగ్ స్కూలు నడుపుతారు. "మొదట్లో ఒక డ్రమ్మర్ ఉండేవాడు, లయ తప్పుతుంటే తీసేశాను" అని మా అన్నయ్య ఎన్ని ఇంటర్వ్యూల్లో చెప్పాడో లెక్కలేదు. చెప్పుకోనీ, వాడి నోరు వాడిష్టం. కానీ మా ఆయన ఆ మాట నమ్మారు. అదీ నా కడుపుమంట. ఆయన్ని బ్యాండులోంచి గెంటిన ఏడాదే నేను ఆయన్ని పెళ్ళి చేసుకున్నాను. అప్పటినుంచి ఆయన డ్రమ్ము ముట్టుకోవడం నేను చూడలేదు. మా అమ్మాయికి మాత్రం, విసుగొచ్చి తనంతట తనే మానేశానని చెప్పారు.

"కాఫీ ఏమైనా ఇస్తావా?" అన్నాడు అన్నయ్య, సోఫాలో కూలబడుతూ.

"పాలు లేవు" అన్నాను. ఫ్రిజ్ నిండా ఉన్నాయి.

పెట్టెలమ్మ గొంతు సవరించుకుంది. మొదటి రికార్డు మళ్ళీ తెస్తున్నారట. మామూలుగా కాదు, డిస్కులు, ఫొటోల పుస్తకం, పోస్టర్లు, ఇంతవరకూ ఎవరూ వినని టేపులు అన్నీ కలిపి ఒక పెద్ద పెట్టెగా.

"అభిమానులకి పాట ఒక్కటే చాలదండీ. అది ఎలా పుట్టిందో కూడా కావాలి. మధ్యలో మాటలు, నవ్వులు, గొడవలు, దగ్గులతో సహా వింటారు."

"దగ్గులు కూడా అమ్ముతారా?"

"బాగా పోతాయండీ" అంది ఆవిడ, నా ఎకసెక్కం పట్టించుకోకుండా.

వాళ్ళకి లేనిదల్లా తలుపు పాట ఒరిజినల్ రీలు. దాన్నుంచి తీసిన కాపీతోనే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చారట. అప్పుడే మా ఆయన క్లాసు ముగించుకుని వచ్చారు. అన్నయ్య లేవలేదు.

"రీలు బావ దగ్గరే ఉంది. తన సామాను పట్టుకెళ్ళడానికి స్టూడియోకి వచ్చిన రోజే అది మాయమైంది. నేను అప్పుడే గొడవ చెయ్యొచ్చు. పోనీలే అని ఊరుకున్నాను."

"దొంగ అంటున్నావా?" అన్నాను.

"నేను అనలేదమ్మా. నువ్వే అన్నావు."

"ఉంది" అన్నారు మా ఆయన. ఆయన అంతే. అబద్ధం ఆడాల్సిన చోట కూడా నోరు తిరగదు.

అన్నయ్య ముందుకు వంగాడు. "చూడు బావా, రీలు ఇస్తే పుస్తకంలో నీ పేరు వేయిస్తాను. డ్రమ్స్ అని రాసి పక్కన నీ పేరు. కాకపోతే ఆ రోజు మాటలు కూడా దాంట్లోనే ఉంటాయి. నువ్వు నన్ను బతిమాలుకున్నది, అదంతా. అవి కూడా వేస్తాం. అంతా వేస్తేనే అందం." తర్వాత పెట్టెలమ్మ వైపు తిరిగి గొప్పగా చెప్పాడు. "నేను గదిలో ఉన్నంతసేపు టేపు ఆపకూడదని నా రూలు. ఏ క్షణాన ఏ ట్యూను తడుతుందో ఎవరికి తెలుసు? రికార్డిస్టు దగ్గినా టేపు మాత్రం తిరుగుతూనే ఉండాలి."

టేపులో ఎవరెవరి మాటలున్నాయో వాళ్ళందరూ ఒప్పుకుని సంతకం పెట్టాలని పెట్టెలమ్మ చెప్పింది. సార్ తన వంతు ముందే పెట్టేశారని కూడా చెప్పింది.

"నాకేం దాపరికం?" అన్నాడు మా అన్నయ్య, కాలు మీద కాలు వేసుకుని.

వాళ్ళు వెళ్ళాక మా ఆయన చాలాసేపు బాల్కనీలో నిలబడ్డారు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను, ఓదార్చడానికి కాదు.

"ఇవ్వరు కదా?"

"పేరు వేస్తానంటున్నాడు."

"ఆ పేరు ఇప్పుడు మీకెందుకు?"

"వాయించాను కాబట్టి."

"కాళ్ళావేళ్ళా పడ్డది కూడా ప్రపంచమంతా వింటుంది. మన పిల్ల వింటుంది."

"పడ్డాను కదా. నిజమే కదా."

"నిజమైనవన్నీ వీధిలో ఆరేసుకుంటామా?"

ఆయన కింద పార్కింగ్‌లో ఉన్న తన కారు వైపు చూస్తూ అన్నారు. "నీకు నా పరువు మీద ఉన్న శ్రద్ధ నా పేరు మీద ఎప్పుడూ లేదు."

ఒళ్ళు మండిపోయింది. అడుక్కున్నవాడికి పేరెందుకు అనేశాను. అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు మా ఇంటి రక్తంలో లేదు, ఆ విషయంలో నేనూ మా అన్నయ్యా ఒక్కటే. ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఇంట్లో మాటల్లేవు. కంచాలు బల్ల మీద పెట్టడం కాదు, పడేయడమే. గ్యాస్ అయిపోయిందని మీ నాన్నతో చెప్పు, కరెంటు బిల్లు వచ్చిందని మీ అమ్మతో చెప్పు, ఇలా నడిచేది సంసారం. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తూ రోజంతా ఏడ్చే జనాన్ని చూసి వచ్చే మా అమ్మాయికి ఇంట్లో మేమిద్దరం. "మీరిద్దరూ మాట్లాడుకోవడానికి నాకు జీతం ఇవ్వండి" అంది ఒకరోజు. ఎవరం నవ్వలేదు. అసలు గొడవేంటని అది అడుగుతూనే ఉంది. మీరే చెప్పండి అన్నట్టు నేను ఆయన వైపు చూసేదాన్ని. ఆయన కంచంలోకి చూసుకునేవారు.

రీలు బీరువా మీద పాత దుప్పట్లో చుట్టి ఉండేది. ఒకరోజు ఇల్లు దులుపుతుంటే దుప్పటి ఉంది, లోపల రీలు లేదు. చీపురు అక్కడే పడేసి డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళాను. ఆయన అప్పుడే కారు బయటికి తీయిస్తున్నారు. స్టీరింగ్ దగ్గర ఎవరో పెద్దావిడ, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుని ఉంది. నేను వెనక తలుపు తీసుకుని ఎక్కేశాను.

"రీలు ఏదీ?"

"క్లచ్ మెల్లగా వదలండి" అన్నారు ఆయన ఆవిడతో. నాతో, "ఇచ్చేశాను" అన్నారు.

"ఎవర్నడిగి ఇచ్చారు?"

"నాది. ఎవర్నడగాలి? అద్దం చూసుకోండమ్మా, వెనక లారీ ఉంది."

"సంతకం?"

"ఇంకా పెట్టలేదు. విన్నాక పెడతానన్నాను."

"మళ్ళీ వినాలనుందా మీకు, అదంతా?"

కారు పెద్ద కుదుపుతో ఆగిపోయింది. పాపం ఆ పెద్దావిడ రెండు చేతులూ స్టీరింగ్ మీంచి తీసేసి, "మాస్టారూ, నేను రేపు వస్తాను" అంది.

"రేపు కూడా రోడ్డు మీద అరిచేవాళ్ళు ఉంటారమ్మా. స్టార్ట్ చెయ్యండి" అన్నారు ఆయన. అప్పుడు వెనక్కి తిరిగి నన్ను చూశారు. "పాట వినాలనుంది. మిగతాది దాంతో పాటు వస్తుంది. ఏం చెయ్యను?"

వినేటప్పుడు నేనూ వస్తానన్నాను. అమ్మాయినీ తీసుకొస్తానన్నాను. వినాల్సిన దరిద్రం ఏదో మా ఎదురుగానే వినాలి గానీ, రేపు ఎవడో పెట్టె కొనుక్కుని పిల్లకి వినిపించడం నాకిష్టం లేదు. ముందు మీ నోటితో దానికి చెప్పండి అన్నాను. ఆయన సరే అన్నారు గానీ చెప్పలేకపోయారు.

స్టూడియోలో ఏసీ చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. ఇంజనీరు మెషీన్ మీద రీలు ఎక్కిస్తూ పెట్టెలమ్మకి ఏదో వివరిస్తున్నాడు. ఇన్నేళ్ళ టేపుకి తేమ పట్టి బంక సాగుతుందట. అలాగే తిప్పితే పాట ఉన్న పూతంతా ఊడి పొడిగా రాలుతుందట. అందుకని ఓవెన్ లాంటి పెట్టెలో, సన్నటి వేడి మీద, చాలాసేపు ఆరబెట్టాడు. ఇప్పుడు ఒకటి రెండుసార్లు బాగా తిరుగుతుంది కాబట్టి తిరుగుతుండగానే కాపీ చేసేసుకోవాలి.

మా అన్నయ్య కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. సినిమాకి వచ్చినవాడిలా ఉన్నాడు. "రా బంగారం, మీ నాన్న కుర్రతనం వింటావా?" అన్నాడు మా అమ్మాయితో.

టేపు తిరిగింది. ముందు కుర్చీ జరిపిన చప్పుడు. తర్వాత మా అన్నయ్య గొంతు, పదునుగా, పొగరుగా.

"లయ తప్పుతున్నావురా. ఎన్నిసార్లు చెప్పాలి? నీవల్ల కాదు. రేపటినుంచి వేరేవాడు వస్తాడు."

"ఎక్కడ తప్పానో చెప్పు, సరిచేసుకుంటాను." అది మా ఆయన గొంతు. ఎంత లేతగా ఉందో. ఆ గొంతుని నేను మర్చిపోయాను.

"చెప్తే వచ్చేది కాదు."

"ఒరేయ్, నీకు దణ్ణం పెడతాను. ఈ పాటలోది నేను కట్టిన దెబ్బరా. ఇదొక్కటి వాయించనివ్వు. తర్వాత నువ్వు పొమ్మనక్కర్లేదు, నేనే పోతాను. నీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను."

ఆ పట్టుకున్న చప్పుడు కూడా ఉంది టేపులో. ఏదో స్టాండు పక్కకి పడింది. నేను నేల చూపులు చూశాను. మా అమ్మాయి మాత్రం వాళ్ళ నాన్ననే చూస్తోంది. మా అన్నయ్య పెదాల మీద చిన్న నవ్వు, పెద్దమనసుతో క్షమించేసినవాడి నవ్వు.

"సరే, వాయించి ఏడు. ఇదొక్కటే. వెళ్ళి మొహం కడుక్కుని రా."

తలుపు తెరిచి మూసిన శబ్దం. నేను అయిపోయిందనుకున్నాను. కానీ మా అన్నయ్య ఇంకా గదిలోనే ఉన్నాడు, కాబట్టి టేపు తిరుగుతూనే ఉంది. దూరం నుంచి రికార్డిస్టు గొంతు వినిపించింది.

"బాగానే వాయిస్తున్నాడు కదా. నాకెక్కడా లయ తప్పినట్టు లేదు."

"తప్పలేదు" అంది మా అన్నయ్య గొంతు. "ఎప్పుడైనా తప్పాడా వాడు? అదే నా ఏడుపు. మొన్న హాల్లో చూశావుగా. నేను నోరు తెరవకముందే జనం వాడి దెబ్బకి లేచి నిలబడ్డారు. నేను పాడుతుంటే వాడి కర్రల వంక చూస్తున్నారు. ఇలాగైతే నాలుగు రోజుల్లో వీడి వెనక నేను పాడాల్సి వస్తుంది. నాకంటే పెద్ద చప్పుడు నా బ్యాండులో ఉండకూడదు. లయ తప్పుతున్నావంటే వాడు నమ్ముతాడు. వెర్రిబాగులవాడు."

తలుపు మళ్ళీ తెరుచుకుంది. డ్రమ్స్ దగ్గర ఎవరో కూర్చున్నారు. తర్వాత ఆ బాదుడు మొదలైంది, మూసిన తలుపు మీద.

పాట అయ్యాక మా అన్నయ్య, "అప్పుడు తాగి ఉన్నాను" అన్నాడు. ఎవరూ అడగలేదు. తన పొగరు కొద్దీ పెట్టిన రూలు తనకే చుట్టుకుంటుందని అనుకుని ఉండడు. ఆ మాటలు అన్నట్టు కూడా గుర్తులేదు వాడికి. ఎదుటివాడు తన కాళ్ళు పట్టుకున్నది మాత్రం ఇన్నేళ్ళూ గుర్తుంది.

పెట్టెలమ్మ కళ్ళు వెలిగిపోతున్నాయి. "ఈ పెట్టెకి ప్రాణం ఇదేనండీ" అంది.

మా ఆయన ఇంజనీరు దగ్గరికి వెళ్ళారు. "మీరు చెప్పండి. ఎక్కడైనా తప్పానా?"

"లేదండీ" అన్నాడు అతను.

"దెబ్బల చివర్లో, పాట ఎత్తుకునే చోట?"

"ఎక్కడా లేదండీ."

సరే అని తలూపి మా ఆయన బయటికి నడిచారు. ఆ నడక నేను ఎప్పుడూ చూడలేదు. అన్నయ్యని చెంప మీద కొట్టాలని ఉంది నాకు. పిల్ల నా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేసింది. కారులో అది వాళ్ళ నాన్న పక్కన కూర్చుని, "నాకెందుకు అబద్ధం చెప్పావు?" అని అడిగింది.

"నాకు చెప్పిందీ అబద్ధమే కదమ్మా" అన్నారు ఆయన. ఆ వారమంతా అది ఆయనతో మాట్లాడలేదు.

తర్వాత మా అన్నయ్య ఒక్కడే వచ్చాడు. ఈసారి కాఫీ అడగలేదు. కూర్చోమని నేనూ అనలేదు. తన సంతకం వెనక్కి ఇవ్వమని కంపెనీని అడిగాడట. వాళ్ళు కుదరదన్నారు. రికార్డిస్టు కూడా తన సంతకం పెట్టేశాడట. ఇప్పుడు మా ఆయన ఒప్పుకోకపోతేనే ఆ మాటలు ఆగుతాయి.

"బావా, జరిగిందేదో జరిగింది. ఆ ముక్క వద్దని ఒక్క మాట చెప్పు. నీ పేరు పుస్తకంలో మూలన కాదు, ముందు పేజీలో వేయిస్తాను. ఇంటర్వ్యూల్లో నేనే చెప్తాను, తలుపు పాట వాయించింది మా బావేనని."

"నీ మాట వినకపోతే?" అన్నాను నేను.

"పుస్తకంలో ఏముండాలో రాయించేది నేను. పేరు ఉండదు." తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "నువ్వైనా చెప్పవే. నీ మొగుడు కాళ్ళు పట్టుకున్నది నలుగురూ వినడం నీకు మాత్రం బాగుంటుందా?"

నిజానికి నేను ఎండాకాలమంతా ఆయనతో పోట్లాడింది అదే మాట మీద. పేరు వస్తుంది, పరువు పోదు. ఆయన కోరుకున్నదీ నేను కోరుకున్నదీ రెండూ కలిపి మా అన్నయ్య పళ్ళెంలో పెట్టి తెచ్చాడు. మా ఆయన నన్ను చూశారు.

"ఏమంటావు?"

"వాడిస్తే వచ్చే పేరు మనకొద్దు" అన్నాను. "వినాలి. మీరు కాళ్ళు పట్టుకున్నదీ వినాలి, వీడు ఎందుకు కాళ్ళు పట్టించుకున్నాడో అదీ వినాలి. వేయించండి."

"నాన్న ఇష్టం" అంది అమ్మాయి గుమ్మంలోంచి. అన్ని రోజుల తర్వాత అది నోరు విప్పి నాన్న అనడం అప్పుడే.

ఆయన లేచి బల్ల సొరుగులోంచి కంపెనీ కాగితం తీసి సంతకం పెట్టారు. మా అన్నయ్య చూస్తుండగానే మడిచి అమ్మాయి చేతికిచ్చారు.

"నాకిక చెల్లెలు లేదు" అన్నాడు అన్నయ్య గుమ్మం దాటుతూ.

"ఇన్నాళ్ళూ ఉందా?" అని తలుపు వేసేశాను.

వానలు పడే వేళకి పెట్టె వచ్చింది. మొయ్యలేక కొరియర్ అతను మెట్ల మీద రెండుసార్లు దించాడు. లోపల నల్లటి అట్టల్లో డిస్కులు, అన్నయ్య ఎముకలు కనిపించే రోజుల ఫొటోలు, పాత కచేరీల టికెట్లకి నకళ్ళు, గోడకి తగిలించుకునే పోస్టరు. పుస్తకం మొదటినుంచి చివరిదాకా వెతికాం. మా ఆయన పేరు ఎక్కడా లేదు. డ్రమ్స్ పక్కన ఆ వేరేవాడి పేరే. మాటల ముక్క మాత్రం ఉంది. జనం విన్నారు.

నాకు కావలసింది జరిగింది. అన్నయ్య స్టేజీ ఎక్కితే చాలు, పాడకముందే కుర్చీల మీద ఆ దెబ్బలు మొదలయ్యేవట. "నీకంటే పెద్ద చప్పుడు" అని వెనకనుంచి అరిచేవారట. తట్టుకోలేక వాడు తలుపు పాట పాడడం మానేశాడు. ఇక ఎప్పటికీ పాడనని చెప్పేశాడు. మా అమ్మాయి అన్నం దగ్గర ఫోన్‌లో ఆ వార్త చదివి వినిపించింది. నేను కడుపు నిండా నవ్వాను. తగిన శాస్తి అన్నాను. ఇప్పుడూ అదే అంటాను.

మా ఆయన నవ్వలేదు. చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.

"మధ్యలో పాటేం పాపం చేసింది?" అన్నారు.

"మీకింకా వాడి మీద జాలా?"

"వాడి మీద కాదు." ఆయన నా మొహంలోకి చూశారు. ఆ చూపులో ఉన్న కోపం మా అన్నయ్య మీద కాదు. "ఇన్నేళ్ళూ ఆ పాట వచ్చినప్పుడల్లా నువ్వు రేడియో కట్టేసేదానివి. కట్టెయ్యమని నేనెప్పుడూ అనలేదు. పోనీలే, ఎక్కడో వాడు పాడుతూనే ఉన్నాడు కదా, నా దెబ్బ మోగుతూనే ఉంది కదా అనుకునేవాణ్ణి. ఇప్పుడు అదీ లేదు."

తర్వాత లేచి చెయ్యి కడుక్కుని, క్లాసుకి టైమైందని వెళ్ళిపోయారు.